ఆయన ఎక్కించమన్న రెండో గొట్టం

మా సైన్సు మాస్టారు పోయారన్న కబురు నాకు చేరే సమయానికి నేను ఆయన మీద కోపంగా ఉన్నాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా, నిజం గనుక రాస్తున్నాను. ఆదివారం ప్రార్థన ముగించుకొని పదకొండు గంటలకు ఇల్లు చేరగానే ఆళ్లగడ్డ నుంచి నంద్యాలలో ఉన్న నాకు ఫోను చేయడం ఆయన నియమం. కిందటి నెలలో ఒక ఆదివారం పన్నెండు దాటింది, ఒంటిగంట కావచ్చింది, ఫోను రాలేదు. నేను రాస్తున్న వ్యాకరణ పుస్తకంలోని చివరి అధ్యాయాన్ని ఆయనకు చదివి వినిపించాలని కళ్లజోడు తుడుచుకొని, గొంతు సవరించుకొని కూర్చున్నాను. "సమయపాలన తెలియని మనిషి" అని మా ఆవిడతో అంటూ ఉండగానే ఫోను మోగింది. మాట్లాడింది ఆయన కాదు, ఆయన భార్య.

"అన్నా, సారు పోయినాడన్నా. పొద్దున చర్చికి పోవల్లని చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటా పెట్టుకుంటా మంచం మీద కూచున్నాడు. అంతే."

పైనుంచి మూడు గుండీలు పెట్టుకొని ఉన్నారట. కింద రెండు మిగిలాయట. పని సగంలో వదిలిపెట్టిన వారిని జీవితమంతా చీవాట్లు పెట్టిన మనిషి ఆయన. నా చివరి అధ్యాయం వినకుండా, తన చొక్కా గుండీలు పెట్టుకోకుండా వెళ్లిపోయారు. ఆ రెండింటిలో ఏది ఎక్కువ బాధించిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆళ్లగడ్డ ఉన్నత పాఠశాలలో మేమిద్దరం ఇరవై రెండేళ్లు కలిసి పనిచేశాం. ఆయన భౌతికశాస్త్రం, నేను తెలుగు. ఆ ఇరవై రెండేళ్లూ నేను ఆయనను "మీరు" అన్నాను, ఆయన నన్ను "నువ్వు" అన్నారు. నేను "మాస్టారూ" అని పిలిస్తే ఆయన "ఏం పండితా" అని పలికేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఆయనకు ఒక పెద్ద పేరు ఉండేది. దానితో పాటు ఒక పెద్ద చెడ్డపేరూ ఉండేది. తీగతో నడిచే ఏ వస్తువు రోగమైనా ఆయనకు తెలుసన్నది మంచిపేరు. తెలిసినా ఆయన చేయి పెట్టరన్నది చెడ్డపేరు. మా ఉపాధ్యాయుల గదిలో పంకా ఆగిపోయి మే నెల ఎండలో మేము ఉడికిపోతుంటే, మొదట ఎవరు "అబ్బా" అన్నారో వారిని బల్ల ఎక్కించేవారు. తాను కింద కుర్చీలో కాలు మీద కాలు వేసుకొని కూర్చొని, "ఆ మూత ఇప్పు. ఏం కనబడతాంది? చెప్పు" అనేవారు. ఒకసారి ప్రధానోపాధ్యాయురాలు బంట్రోతును పిలిచే కరెంటు గంట మోగకపోతే, ఆమె చేతనే దాన్ని విప్పించారు. ఆమె మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజున, ఎవరినీ పిలిచే పని లేకపోయినా ఆ గంట రోజంతా మోగింది. తాను బాగుచేసుకున్న గంట గదా.

నా వంతు పదవీ విరమణ తరువాత వచ్చింది.

నంద్యాలలో స్థిరపడ్డాక, బడిపిల్లలు భయపడకుండా చదువుకోగలిగిన వ్యాకరణ పుస్తకం ఒకటి రాయాలని సంకల్పించాను. అందుకోసం ముసలితనంలో లాప్‌టాపు మీద అక్షరాలు కొట్టడం నేర్చుకున్నాను. ఆ యంత్రం బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది. ఛార్జర్ వైరు ఉంటేనే దానికి ప్రాణం. అటువంటి వైరు ఒక రోజు మొరాయించింది. పిన్నుకు జానెడు దూరంలో దాన్ని కిటికీ వైపు వంచి, ఆ వంపు మీద నిఘంటువు బరువు పెడితే తెర వెలిగేది. నేను తుమ్మితే ఆరిపోయేది. వారం రోజులు నిఘంటువును చూడవలసి వచ్చినప్పుడల్లా యంత్రాన్ని ఆపుకొని, యంత్రం కావలసినప్పుడల్లా నిఘంటువును వదులుకొని గడిపాను. చివరకు నిఘంటువు మీద నిఘంటువు పెట్టినా వెలగలేదు. నాలుగేళ్ల పని, ఎనిమిది అధ్యాయాలు, ఆ నల్లటి తెర వెనక ఉండిపోయాయి. నకలు తీసిపెట్టుకోమని మాస్టారు రెండుసార్లు చెప్పి ఉన్నారు. నేను తీసిపెట్టుకోలేదు.

నంద్యాలలో కొట్టువాడు వైరు చూసి, "ఈ రకం ఇప్పుడు రావడం లేదు సార్, లాప్‌టాపే మార్చుకోండి" అన్నాడు. చెప్పులు మార్చుకోమన్నంత తేలికగా అన్నాడు. మరునాడే లాప్‌టాపూ ఛార్జరూ సంచిలో వేసుకొని ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. శిరివెళ్ల దాటేదాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు. నిలబడే వెళ్లాను.

మాస్టారి ఇంటి ఎదుట శిల్పులు రాయి చెక్కే పాక ఉంది. ఆ ఉలుల చప్పుడులో మాట వినిపించాలంటే ఆ వీధివాళ్లందరూ కొంచెం గట్టిగానే మాట్లాడతారు. ఆయన బేతంచెర్ల బండలు పరిచిన వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు.

"ఏం పండితా, ఊరికే వచ్చినావా, పని మీద వచ్చినావా?"

"పని మీదే వచ్చాను మాస్టారూ. ఈ వైరు పాడైంది. మీరు బాగుచేసి పెట్టాలి."

"నేనెందుకు చేస్తా? లాప్‌టాపు ఎవురిది?"

"నాదే."

"పుస్తకం ఎవురిది?"

"నాదే."

"వైరు మాత్రం నాదా?"

నాకు ఒళ్లు మండింది. లేచి పోదామనుకున్నాను. ఎనిమిది అధ్యాయాలు గుర్తొచ్చి కూర్చున్నాను. ఆయన లోపలికి తిరిగి, "ఇదిగో, పండితునికి కాఫీ పెట్టు. ఈ పొద్దు ఈయప్ప పని చేస్తాండాడు" అని కేకవేశారు.

"ఎవురన్నా నమ్ముతారా?" అని లోపలి నుంచి ఆయన భార్య.

ముందుగా వైరు ఎక్కడ తెగిందో కనుక్కోమన్నారు. గోడకు తగిలించి, వైరును అంగుళం అంగుళంగా వంచుతూ, లాప్‌టాపు మీది చిన్న దీపం ఎక్కడ మిణుకుమంటుందో చూశాను. నేను చూస్తుంటే ఆయన వైరు మీద మెలికలు చూశారు.

"దీన్ని రోజూ చుట్టి పెడ్తావా?"

"అవును. పని ముగియగానే ఛార్జర్ డబ్బా చుట్టూ బిగుతుగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, సంచిలో పెడతాను. వస్తువును క్రమశిక్షణతో ఉంచుకోవడం..."

"పిల్లోని చెవి మెలేసినట్టు రోజూ మెలేసినావు. అది తెగక ఏం జేస్తాది? వదులుగా చుట్టు సామీ. అదేమన్నా నీ కాడ చదువుకునేకి వచ్చిందా?"

కత్తి పట్టుకునే ముందు ఆయనకొక నిబంధన ఉంది. గోడ నుంచి పీకిన ప్లగ్గు తెచ్చి పనిచేసేవాడు తన ఒళ్లో పెట్టుకోవాలి. కింద పెట్టకూడదు, పక్కన పెట్టకూడదు. "ఒళ్లో ఉంటే అది గోడకు లేదని నీకూ తెలుస్తాది, నాకూ తెలుస్తాది" అనేవారు. ఇరవై రెండేళ్ల తెలుగు బోధన తరువాత, ఒళ్లో ప్లగ్గు పెట్టుకొని, బేతంచెర్ల బండ మీద మఠం వేసుకొని, నేను జీవితంలో మొదటిసారి తీగ తోలు తీశాను.

మొదటిసారి తోలుతో పాటు రాగిపోగులూ తెగిపోయాయి. "మళ్లీ" అన్నారు. రెండోసారి బాగా వచ్చింది. ఆ వైరు లోపల ఒక తీగ కాదు, రెండు ఉంటాయి. నడుమ తోలుతో ఒకటి, దాని చుట్టూ జల్లెడలా అల్లిన రాగిపోగులు ఒకటి. ఆ పోగులన్నిటినీ ఒకచోటికి పురిపెట్టి రెండో తీగగా చేయాలి. ఆయన బల్ల సొరుగులోంచి ఒక చచ్చిన ఛార్జర్ తోక తీసి నా మీదికి విసిరారు. దాని పిన్ను నా యంత్రానికి సరిగ్గా సరిపోయింది. నేను తోలు తీస్తుండగానే కొలిచి ఉంచారన్నమాట. లోపలి దాన్ని లోపలి దానికి, బయటి దాన్ని బయటి దానికి. రెండు అతుకులూ పక్కపక్కన రాకూడదు, ఒకటి ముందు ఒకటి వెనక రావాలి. వేడి కడ్డీతో సీసం కరిగించి అతికేటప్పుడు చూపుడువేలు కాలింది. నేను వేలిని ఊదుకోబోయి, అతుకు మీద ఊదాను.

"ఊదొద్దు! దానంతట అది ఆరల్ల."

"ఊదింది నా వేలిని."

"వేలు గూడా దానంతట అదే ఆరుతాది."

లోపలి అతుకుకు టేపు చుట్టాను. పనిని పైకెత్తి చూపించాను. నిజం చెప్పాలంటే అంత గర్వం నాకు మా పిల్లలు పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు. మాస్టారి చూపు పక్కనున్న స్టూలు మీదికి పోయింది. అక్కడ వేలెడు పొడవున్న నల్లటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి పడి ఉంది. అతుకు మొత్తాన్ని కప్పి, కొంచెం వేడి తగిలితే ముడుచుకొని పట్టుకునే గొట్టం. స్లీవ్ అంటారు.

"ఇది యాడుండల్ల?"

నాకు అర్థమైంది. "తీగ మీద."

"ఇప్పుడు ఎక్కియ్యి చూద్దాం. ఈ పక్క పిన్నుండాది. ఆ పక్క డబ్బా ఉండాది. యాడనుంచి దూరుస్తావు?"

"నేను అతుకుతున్నంతసేపూ మీరు చూస్తూనే ఉన్నారు కదా! ముందే ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే ఈ ఒక్కతూరి ఎక్కిస్తావు. ఊడబీకి మళ్లీ అతికి యాష్టపడితే జన్మంతా ఎక్కిస్తావు. ఊడబీకు."

ఆ అతుకును ఊడదీస్తున్నప్పుడు నా మనసులో మెదిలిన మాటలు నేను తరగతిలో ఏ పిల్లవాడు అన్నా సహించేవాణ్ణి కాను. ఊడదీశాను. గొట్టం ఎక్కించాను. మళ్లీ సీసం తీసుకోబోతుంటే ఆయన సొరుగులోంచి అటువంటిదే ఇంకో గొట్టం తీసి ఇచ్చారు.

"ఇది గూడా ఎక్కియ్యి."

"ఒక అతుకుకు రెండు గొట్టాలెందుకు?"

"ఎక్కియ్యమంటాండా గదా."

శిక్ష అనుకున్నాను. మేము పిల్లల చేత తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించినట్టు. ఎక్కించాను. అతికాక మొదటి గొట్టాన్ని అతుకు మీదికి జరిపి, కింద అగ్గిపుల్ల ఆడిస్తే అది ముడుచుకొని గట్టిగా పట్టుకుంది. "దీన్నీ ముడవనా?" అని రెండోదాన్ని చూపాను. "అదుండనీ. అవతలికి జరుపు" అన్నారు. అతుకులో కరెంటు సరిగ్గా పారుతోందని మీటరు పెట్టి చూసుకోనిదే లాప్‌టాపుకు తగిలించనివ్వలేదు. తగిలించాక దీపం వెలిగింది. తెర వెలిగింది. ఎనిమిది అధ్యాయాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి.

నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆయన చూడనట్టు నటించి, "ముందు నకలు తియ్యి. తీసినాక చదువు, దీంట్లో ఏముండాదో విందాం" అన్నారు.

మా ఆదివారాలు అట్లా మొదలయ్యాయి. సైన్సు మాస్టారికి వ్యాకరణంతో ఏం పని అని నేను అడగకపోలేదు. "నాకు అర్థమైతే ఎవురికైనా అర్థమైతాది" అన్నారు. అక్కడి నుంచి వారం వారం నేను ఫోనులో చదవడం, ఆయన "అర్థం కాలే. ఇంగోతూరి రాయి" అనడం. సంధుల అధ్యాయం అయిదుసార్లు రాయించారు. నాలుగోసారి నేను ఫోను పెట్టేశాను. పది నిమిషాలకు ఆయనే చేసి, "కోపం తీరిందా? ఆ మూడో ఉదాహరణ బాగుండాది. దాన్నుంచి మొదలుపెట్టు" అన్నారు. అక్కడి నుంచి మొదలుపెట్టాను. అధ్యాయం కుదిరింది. ఆయన చెప్పినట్టు కుదిరిందన్నదే నా బాధ.

ఇక ఆ రెండో గొట్టం. అది ముడవకుండా వైరు మీద వదులుగా ఉండిపోయింది. నేను లాప్‌టాపును కొంచెం ముందుకు లాగితే చాలు, వైరు మీద జారి వచ్చి బల్ల అంచుకు తగిలి టిక్కుమనేది. వెనక్కి నెడితే అటు జారేది. వాక్యం నడుమ టిక్కు. ఆలోచన నడుమ టిక్కు. కత్తెర తీసుకొని దాన్ని కోసి పారేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒకసారి ఫోనులో ఆయనకే ఫిర్యాదు చేశాను.

"అదుండనీ సామీ. నిన్నేమన్నా తిండి పెట్టమంటాందా?"

భూస్థాపన రోజు సాయంకాలం ఆ వీధి వీధంతా వచ్చింది. ఎదురు పాకలో ఆ రోజు ఉలులు మోగలేదు. శిల్పి ఒకాయన తన రాతి కోత యంత్రం తీగను మాస్టారు తన చేతనే ఎట్లా అతికించిందీ చెప్పాడు. పక్కింటామె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మా మిక్సీని ఒక్కనాడన్నా చేసిచ్చిన పాపాన పోలేదు సార్. నాతోనే విప్పిచ్చినాడు. నాతోనే బిగిచ్చినాడు" అని ఏడ్చింది. ఆమె కంఠంలో కూడా నా కంఠంలో ఉన్న విసుగే ఉంది. నాకు ఆమె మీద అభిమానం కలిగింది.

బయలుదేరేటప్పుడు మాస్టారి భార్య నన్ను వసారాలో ఆపింది. "అన్నా, ఆ పుస్తకం ఆఖరుది అయిపోతాందని శనివారమంతా ఒకటే చెప్పినాడు. నలభయ్యో దినం ప్రార్థన కూడికకు ఆ ఆఖరుది నాకు చదివి వినిపియ్యన్నా. ఆయప్ప విన్నట్టే అనుకుంటా."

తెస్తానన్నాను. ఆ అధ్యాయం ఇంకా కుదరలేదన్న సంగతి చెప్పలేదు. ఎక్కడో కుంటుతోందని నాకు తెలుసు. ఎక్కడో చెప్పగలిగిన మనిషి పోయారు.

నాలుగు రోజుల తరువాత ఉదయం దాన్ని సవరిద్దామని కూర్చుంటే లాప్‌టాపు వెలగలేదు.

వైరు మళ్లీ తెగింది. ఇప్పుడు నేను దాన్ని వదులుగానే చుడుతున్నాను, రబ్బరు బ్యాండూ వేయడం లేదు. అయినా తెగింది. చివరి అధ్యాయానికి నకలు ఇంకా తీయలేదు. ఆ మనిషి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఫోను చేయడానికి ఆయన లేరు. ఉన్నా ఏమంటారో తెలుసు. "వైరు ఎవురిది?"

ఆళ్లగడ్డలో ఆ రోజు ఆయన నాకు అంటగట్టిన వేడి కడ్డీ, మీటరూ వార్తాపత్రికలో చుట్టి అటక మీద ఉన్నాయి. దింపాను. నంద్యాల బజారుకు వెళ్లి టేపు, సీసం, నల్ల గొట్టాల పొట్లం కొనుక్కొచ్చాను. ముందు వైరును అంగుళం అంగుళంగా వంచి చూసి, గోడ నుంచి ప్లగ్గు పీకి ఒళ్లో పెట్టుకున్నాను. నన్ను ఎవరూ చూడటం లేదు. అయినా ఒళ్లోనే పెట్టుకున్నాను. దీపం మిణుకుమన్నది పాత అతుకుకు కొంచెం ఇవతల. అక్కడ కోశాను. ఒక్కసారికే తోలు శుభ్రంగా వచ్చింది. పోగులు పురిపెట్టాను. లోపలిది లోపలికి, బయటిది బయటికి, ఒకటి ముందు, ఒకటి వెనక. వేలు కాలలేదు. అతుకు మీద ఊదలేదు. లోపలి దానికి టేపు చుట్టాను. పైకెత్తి చూశాను. ఇంతకన్నా మంచి అతుకు ఆయన కూడా వేసి ఉండరు.

అప్పుడు బల్ల మీద చూపు పడింది. నల్ల గొట్టాల పొట్లం విప్పనైనా విప్పకుండా అక్కడే ఉంది.

"ఛీ!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. మా ఆవిడ వంటగదిలోంచి వచ్చింది.

"ఏమైంది? చెయ్యి కాల్చుకున్నారా?"

"లేదు. గొట్టం మరిచిపోయాను. మళ్లీ."

ఆమె వైరును చేతిలోకి తీసుకొని చూసి, "మరి ఇదేమిటి?" అంది.

వైరు మీద ఆ రెండో గొట్టం ఉంది. ఇన్నాళ్లుగా నన్ను విసిగించిన గొట్టం. ఆమె వేలితో నెడితే అది జారి వచ్చి నా కొత్త అతుకు మీద సరిగ్గా నిలిచింది. కొలిచి కోసినట్టు నిలిచింది.

జన్మంతా ఎక్కిస్తావని నాతో అన్న మనిషి, అదే క్షణంలో, నేను ఎక్కించనని ఎరిగి ఉన్నారు. వైరు మళ్లీ తెగుతుందని ఎరుగుదురు. నేను మళ్లీ మరిచిపోతానని ఎరుగుదురు. అప్పుడు తాను పక్కన ఉంటారో లేదో, అది మాత్రం ఎరుగరు. అందుకని ముందే ఎక్కించి ఉంచారు. శిక్ష అనుకొని నేను దాన్ని ఇన్నాళ్లు తిట్టుకున్నాను.

అగ్గిపుల్ల గీశాను. గొట్టం కిందికి తెచ్చాను. తెచ్చి, ఆర్పేశాను.

"ఏమైందండీ ఇప్పుడు?"

"దీన్ని ముడిస్తే ఆయన గెలిచినట్టే."

ఆమె నా ముఖంలోకి చూసి, కాఫీ పెట్టడానికి వెళ్లింది. నేను ప్లగ్గు మళ్లీ ఒళ్లోకి సర్దుకున్నాను. ఆయన గొట్టాన్ని వెనక్కి జరిపాను. చక్కగా కుదిరిన ఆ అతుకును నా చేతులతోనే ఊడదీశాను. పొట్లం విప్పి, కొత్త గొట్టం ఒకటి తీసి ఎక్కించాను. అప్పుడు అతికాను. రెండోసారి అంత బాగా కుదరలేదు, వేలు కూడా కాలింది. దానంతట అది ఆరనిచ్చాను. కొత్తదాన్ని ముడిచాను. మీటరు పెట్టి చూశాను. తగిలిస్తే వెలిగింది.

మొదట నకలు తీశాను. తరువాత, ఆదివారాల్లో చదివినట్టే, చివరి అధ్యాయాన్ని మొదటి పుట నుంచి గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. రెండో పుట నడుమ ఒక వాక్యం వచ్చింది. వ్యాకరణరీత్యా అందులో ఏ దోషమూ లేదు. చదివి, "అర్థం కాలే" అన్న మాట కోసం ఆగాను. వీధిలో బళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ వాక్యాన్ని మొత్తంగా చెరిపేసి, మళ్లీ రాద్దామని లాప్‌టాపును దగ్గరకు లాక్కున్నాను. వైరు మీద వదులుగా ఉన్న గొట్టం జారి వచ్చి, బల్ల అంచుకు తగిలి, టిక్కుమంది.